రైలుపెట్టెలో దీపం, మరుగుదొడ్డి: కాజీపేట–బల్లార్షా మార్గం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రైలుపెట్టెల్లో దీపం, మరుగుదొడ్డి మారుతూ వచ్చిన తీరును సాధారణంగా ప్రయాణికుల సౌకర్యాల చరిత్రగా చెబుతారు. ఉత్తర తెలంగాణ గుండా సాగే కాజీపేట–బల్లార్షా మార్గాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ వ్యాసం ఆ రెండు ఏర్పాట్లను కలిపి పరిశీలిస్తుంది. రెండూ బండి కదలికపై ఆధారపడి రూపొందినవే. ఆ ఆధారం నుంచి వాటిని విడదీయడానికి పాత పెట్టెలకు చేసిన మార్పులే వాటి నవీకరణ చరిత్ర. ఒక్కొక్క మార్పు ప్రయాణికునికి ఏమి ఇచ్చింది, పట్టాలపై పనిచేసేవారికి, ఇంజను నడిపేవారికి ఏమి మిగిల్చింది అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: నిజాం రైల్వే, కాజీపేట–బల్లార్షా మార్గం, రైలుపెట్టె, డైనమో, మరుగుదొడ్డి, సఫాయి కర్మచారులు, బయో టాయిలెట్.

1. ఉపోద్ఘాతం:

కాజీపేట నుంచి బల్లార్షా వరకు రైలుమార్గం పొడవు సుమారు 235 కిలోమీటర్లు. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దాటి, గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ చేరి, అక్కడినుంచి మహారాష్ట్రలో ప్రవేశిస్తుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల తూర్పు భాగానికి ఇదే వెన్నెముక. 1920 దశకంలో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే దీనిని దశలవారీగా నిర్మించింది. 1929లో ఈ లంకె పూర్తికావడంతో మద్రాసు, ఢిల్లీల మధ్య నేరుగా దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాదే మొదలైంది.

ఈ మార్గం గురించి రాసేవారు బొగ్గును, కాగితపు పరిశ్రమను, వలసలను ప్రస్తావిస్తారు. అది సహజమే, బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం ఈ మార్గం వచ్చిన కాలంలోనే మొదలైంది. కాని పెట్టె లోపలి చరిత్రకు ఆ రచనల్లో చోటు తక్కువ. ఒక మనిషి రెండు పగళ్ళు, రెండు రాత్రులు పెట్టెలో కూర్చొని ప్రయాణం చేయాలంటే అతనికి చీకట్లో వెలుతురు కావాలి, శరీరధర్మం తీర్చుకొనే చోటు కావాలి. ఇంటికైతే విద్యుత్తు ఊరి తీగ నుంచి వస్తుంది, మురుగు ఊరి కాలువకు పోతుంది. కదిలే వాహనానికి ఈ రెండూ లేవు. తన విద్యుత్తును తానే పుట్టించుకోవాలి, తన మురుగును తానే మోయాలి. మోయలేకపోతే దారిలో వదలాలి.

నౌకకైనా, విమానానికైనా, రైలుపెట్టెకైనా సమస్య ఇదే. పాత విహారనౌకను కొన్నవారు మొదట మార్చేవి ఏవో గమనిస్తే ఇది తెలుస్తుంది: నేరుగా నీటిలోకి తెరుచుకొనే మరుగుదొడ్డి, కాలం చెల్లిన బ్యాటరీలు, తీగలు. రెంటినీ ఒకేసారి మార్చవలసి రావడం యాదృచ్ఛికం కాదు. నిల్వతొట్టి పెడితే పంపు కావాలి, పంపుకు విద్యుత్తు కావాలి. రైలుపెట్టె విషయంలో ఈ రెండు చరిత్రలను ఇంతవరకు విడివిడిగానే చెప్పుకుంటూ వచ్చారు.

2. మజిలీ నుంచి రైలుపెట్టెకు:

రైలు రాకముందు ఉత్తరాదికి వెళ్ళిన తెలుగువారి దారి మరొకటి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్రలో హైదరాబాదు దాటాక నిర్మల్ మీదుగా నాగపూరు వైపు సాగాడు. ఆయన రచనలో ప్రయాణం మజిలీల వరుస. ఎక్కడ నీరు దొరుకుతుంది, ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ వంటసామాను లభిస్తుంది అన్నదే దారిని నిర్ణయించేది. పల్లకీ ఎంత మెల్లగా నడిచినా మనిషి శరీరం అడిగినప్పుడు ఆగేది. స్నానం, శౌచం, వంట అన్నీ మజిలీకి చెందినవి, వాహనానికి చెందినవి కావు.

రైలు ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది ఇంజను. దానికి నీళ్ళు కావలసినచోట బండి ఆగుతుంది, మనిషికి కావలసినచోట కాదు. తొలినాళ్ళ మూడవ తరగతి పెట్టెల్లో మరుగుదొడ్డి లేదు. స్టేషనులో బండి ఆగినప్పుడు ప్రయాణికుడు దిగి పరుగెత్తాలి, కూత వినబడగానే తిరిగి పరుగెత్తాలి. స్త్రీల పరిస్థితి ఊహించదగినదే. ఈ విషయమై వినతిపత్రాలు 1860 దశకం నుంచే ఉన్నాయి. పై తరగతులవారికి ఏర్పాటు ముందుగా జరిగింది. కింది తరగతివారికి అది 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో క్రమంగా మాత్రమే వచ్చింది.

ఈ సందర్భంలో అందరూ ఉదాహరించేది బెంగాలులోని అహ్మద్‌పూర్ స్టేషనులో బండి తప్పిపోయిన ఓఖిల్ చంద్ర సేన్ 1909లో రాసినదిగా చెప్పే ఉత్తరం. ఢిల్లీ రైల్వే మ్యూజియంలో అది ప్రదర్శనలో ఉంది. దాని వచ్చీరాని ఇంగ్లీషును చూసి నవ్వుకోవడం ఆనవాయితీ. ఆ ఒక్క ఉత్తరంతోనే రైళ్ళలో మరుగుదొడ్లు వచ్చాయన్న కథ మాత్రం చరిత్రకు సరిపడదు. దశాబ్దాలుగా సాగిన ఫిర్యాదులను, రైల్వే అధికారుల మధ్య జరిగిన లెక్కల వాదాలను ఒక హాస్యకథ కప్పివేసింది. మరుగుదొడ్డికి ఇచ్చే చోటంటే అమ్ముకోదగిన సీట్లను వదులుకోవడమే. వాదం ప్రధానంగా ఆ చుట్టూనే తిరిగింది.

మరుగుదొడ్డి రావడం ఒకటి, అది పనిచేయడం ఒకటి. గాంధీ 1917 సెప్టెంబరులో బొంబాయి నుంచి మద్రాసుకు మూడవ తరగతిలో ప్రయాణించి, ఆ నెల 25న రాంచీ నుంచి పత్రికలకు సుదీర్ఘమైన లేఖ రాశాడు. 22 మందికి ఉద్దేశించిన పెట్టెలో ప్రయాణంలో ఎక్కువ భాగం 35 మందికి తగ్గలేదని, దారి పొడవునా పెట్టెను ఒక్కసారైనా ఊడ్వలేదని, మరుగుదొడ్డిని కడగలేదని, తొట్టిలో నీళ్ళు లేవని అందులో వివరించాడు. రాయచూరు దగ్గర రద్దీ భరించరానిదైందని కూడా రాశాడు. రాయచూరు అప్పటికి నిజాం రాజ్యంలోనిది. మార్గం మాత్రం నిజాం రైల్వేది కాదు. పన్నెండేళ్ళ తరువాత కాజీపేట–బల్లార్షా దారిన మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా బండ్లు నడవసాగినప్పుడు, పెట్టెలో గడపవలసిన కాలం పెరిగింది. మరుగుదొడ్డి లేని పెట్టెతో అంత దూరపు ప్రయాణం సాధ్యంకాదు.

3. ఇరుసుకు కట్టిన దీపం:

మొదటి దీపాలు నూనెదీపాలు. సాయంకాలం ఒక స్టేషనులో పనివాడు పెట్టె పైకప్పు మీదికి ఎక్కి, కప్పులోని రంధ్రాల్లోంచి వెలిగించిన దీపాలను లోపలికి దించేవాడు. తరువాత నూనె నుంచి తీసిన వాయువును ఒత్తిడితో నింపిన సిలిండర్ల దీపాలు వచ్చాయి. ప్రమాదం జరిగి పెట్టె విరిగితే ఆ వాయువే అగ్నికి ఆజ్యం పోసేది. విద్యుద్దీపానికి రైల్వేలు మొగ్గుచూపడానికి సౌకర్యంతోపాటు ఈ భయం కూడా కారణం. ఇంగ్లండులో 1881లో లండన్–బ్రైటన్ మధ్య ఒక పుల్‌మన్ పెట్టెను బ్యాటరీలతో వెలిగించారు. అయితే ఆ బ్యాటరీలను స్టేషనులో నింపి ఎక్కించాలి. పెట్టెకు తనదంటూ ఒక విద్యుత్కేంద్రం 1890 దశకంలో జె. స్టోన్ కంపెనీ పద్ధతితో వచ్చింది.

ఆ పద్ధతి సూత్రం సులభం. పెట్టె కింద ఒక డైనమోను వేలాడదీసి, చక్రాల ఇరుసుకు బెల్టుతో కలుపుతారు. బండి నడిస్తే ఇరుసు తిరుగుతుంది, డైనమో తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, బ్యాటరీ నిండుతుంది. వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరిగి దీపాలు మాడిపోకుండా ఒక ఉపాయం ఉంది. డైనమోను మధ్యబిందువు నుంచి కాక ఒక పక్కగా వేలాడదీశారు. లాగుడు ఒక హద్దు దాటగానే అది వంగి, బెల్టు వదులై జారేది. విద్యుత్తును బెల్టు జారుడుతో అదుపుచేయడం ఈనాటి ఇంజనీర్లకు మోటుగా తోచవచ్చు. కాని అతి తక్కువ భాగాలతో దశాబ్దాలపాటు పనిచేసింది.

ఈ ఏర్పాటులో దీపం బండి వేగానికి బానిస. బండి ఆగితే బ్యాటరీయే దిక్కు. బ్యాటరీ ముసలిదైతే ఆగిన బండిలో దీపాలు ఎర్రబడి మిణుకుమిణుకుమంటాయి. బెల్టు తెగినా, ఎవరైనా కోసుకుపోయినా పెట్టె మొత్తం చీకటి. ప్యాసింజరు బండి ప్రయాణికులకు ఇది అనుభవమే: ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి పక్కపట్టా మీద ఆగిన బండిలో పంకాలు మెల్లగా నిలిచిపోయేవి. అంటే మెల్లగా నడిచే బండికి, ఎక్కువసార్లు ఆగే బండికి వెలుతురు కూడా తక్కువ. చౌక టిక్కెట్టు వానికి చీకటి ఎవరూ రాసిపెట్టకుండానే యంత్రం లోపలే రాసివుంది.

స్వాతంత్ర్యం తరువాత మూడవ తరగతి పెట్టెల్లో కూడా పంకాలు అమర్చడం మొదలుకాగానే పాత 24 వోల్టుల పద్ధతి బరువు తెలిసివచ్చింది. 60 వాట్ల పంకా 24 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకుంటుంది; 110 వోల్టుల వద్ద అర ఆంపియరుకు కొంచెం ఎక్కువ. తీగలో వేడిగా పోయే నష్టం ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది కనుక, అదే తీగలో ఆ నష్టం సుమారు 21 రెట్లు తగ్గుతుంది. పంకాలు, దీపాలు పెరిగినప్పుడు లావైన రాగితీగలు వేయడమా, వోల్టేజీ పెంచడమా అన్నది ప్రశ్న. 110 వోల్టుల పద్ధతి, దానితోపాటు కార్బన్ బ్రష్షులు లేని ఆల్టర్నేటరు క్రమంగా స్థిరపడ్డాయి. మద్రాసు పెరంబూరులో 1955 అక్టోబరు 2న ప్రారంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ స్విస్ నమూనాపై చేసిన ఉక్కు పెట్టెలు, నిజాం రైల్వే 1893లో స్థాపించిన లాలాగూడ కర్మాగారం వంటి చోట్ల జరిగే మరమ్మతులు ఈ మార్పుకు రంగస్థలాలు. కొత్త పెట్టె చేయడంకన్నా పాతపెట్టెలో తీగలు మార్చడం కష్టమైన పని. చెక్కపలకల వెనుక ఏ తీగ ఎటు పోతుందో విప్పితేగాని తెలియదు.

4. గొట్టం కింద నేల:

మరుగుదొడ్డి కూడా కదలికకే కట్టుబడింది. తొట్టి అడుగున ఒక గొట్టం, గొట్టం కింద పట్టాలు. బండి వేగంగా పోతున్నప్పుడు మలం దారి పొడవునా చెల్లాచెదురై ఎండి మట్టిలో కలిసిపోతుందన్నది దీని వెనుక ఉన్న ఊహ. బండి ఆగినప్పుడు ఆ ఊహ నిలవదు. అందుకే స్టేషనులో ఆగివున్నప్పుడు వాడరాదన్న సూచనను ప్రతి మరుగుదొడ్డి తలుపు వద్దా రాయించారు. దీపం నడిచే బండిలోనే సరిగా వెలుగుతుంది, మరుగుదొడ్డి నడిచే బండిలోనే న్యాయంగా వాడదగినది. రెండూ ఒకే సూత్రానికి రెండు కొసలు.

‘మరుగు’ అంటే చాటు. ఇళ్ళలో దీనికి పాయిఖానా అనీ సండాసు అనీ తెలంగాణలో వాడుక. మరుగుదొడ్డి అన్న మాటలో మాత్రం దాచడమన్న భావం సూటిగా ఉంది. రైలుపెట్టెలోని దొడ్డి ప్రయాణికునికి మరుగు ఇచ్చింది, మలానికి ఇవ్వలేదు. దాచవలసినదానిని పెట్టె కింద బహిరంగంగా వదిలింది. ప్రతిరోజూ తన వంతు దూరం నడుస్తూ పట్టాలను, బిగింపులను చూసే కీమన్, సుత్తితో, గడ్డపారతో వంగి పనిచేసే గ్యాంగ్‌మన్ ఆ నేల మీదే పనిచేయాలి. మలమూత్రాలతో, నీటితో తడిసే పట్టా అడుగుభాగం, దానిని పట్టివుంచే ఉక్కు బిగింపులు త్వరగా తుప్పుపడతాయి. ఇంజనీర్ల నివేదికల్లో ఎక్కువగా కనబడేది ఈ తుప్పు నష్టమే. అదే నేల మీద చేతులతో పనిచేసిన మనిషికి కలిగిన నష్టం ఆ పట్టికల్లోకి రావడానికి చాలాకాలం పట్టింది.

ప్లాట్‌ఫాంల దగ్గర పట్టాల మధ్య సిమెంటు గచ్చు వేసి, నీటి గొట్టాలతో కడిగే పద్ధతి పెద్ద స్టేషన్లలో వచ్చింది. కడిగేవారు ఎవరన్నది అందరికీ తెలిసిన విషయమే. వారిలో అత్యధికులు తరతరాలుగా ఈ పనికి కట్టివేయబడిన దళిత కులాలవారు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన తెలుగువాడు బెజవాడ విల్సన్, ఆయనతోపాటు ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారు పనిచేసిన సఫాయి కర్మచారి ఆందోళన్, ఆ చట్టం అమలుకావడంలేదని 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013లో వచ్చిన కొత్త చట్టం పాకీపని నిర్వచనంలో రైలు పట్టాలను పేరుపెట్టి చేర్చింది. అయితే అదే నిర్వచనానికి ఒక వివరణ ఉంది: ప్రభుత్వం నిర్దేశించిన పరికరాలు, రక్షణ సామగ్రితో శుభ్రంచేసేవారిని పాకీపనివారిగా లెక్కించరాదు. చేతికి తొడుగు ఇస్తే చట్టం దృష్టిలో పని స్వభావమే మారిపోతుంది. 2014 మార్చి 27 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, పట్టాలపై ఈ పనిని అంతమొందించడానికి రైల్వేలు కాలపరిమితితో కూడిన ప్రణాళిక చేపట్టాలని ఆదేశించింది.

సాంకేతిక మార్పుకు, ఈ పోరాటానికి ఉన్న సంబంధాన్ని తక్కువచేసి చూపడం పరిపాటి. మరుగుదొడ్డి మార్పును పరిశుభ్రత కార్యక్రమంగా, పట్టాల రక్షణగా చెప్పినంతగా కార్మికుల హక్కుగా చెప్పలేదు. 1909 నాటి ఉత్తరానికి దక్కిన కీర్తిలో వెయ్యోవంతు 2003 నాటి పిటిషనుకు దక్కలేదు.

5. గోదావరి వంతెన మీద:

రామగుండం, మంచిర్యాలల మధ్య గోదావరి వంతెన మీదికి బండి రాగానే ప్రయాణికులు కిటికీల్లోంచి చిల్లర నాణేలు నదిలో వేసి నమస్కరించడం అలవాటు. ధర్మపురి, మంథని, కాళేశ్వరం క్షేత్రాలు వెలసిన నది అది. 2015 జూలైలో పుష్కరాలకు వేలాదిమంది ఈ దారిన మంచిర్యాల చేరారు. నాణెం పడిన నీటిలోకే ఆ పెట్టె గొట్టం కూడా తెరుచుకొనివుండేది. భక్తికి, మలినానికి మధ్య పెట్టె అడుగుపలక ఒక్కటే అడ్డం. దీనిని ప్రయాణికుల కపటంగా చూడనక్కరలేదు. గొట్టం ఎటు తెరుచుకుంటుందో పెట్టెలో కూర్చున్నవానికి కనబడకుండా చేయడమే ఆ నిర్మాణం సాధించిన పని.

నీటిమీద నడిచే వాహనాలకు ఈ విషయంలో అంతర్జాతీయ నియమాలు ఉన్నాయి. నౌకల కాలుష్య నివారణ ఒప్పందమైన మార్పోల్‌లోని నాల్గవ అనుబంధం 2003 సెప్టెంబరు 27న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నిల్వతొట్టిలోని శుద్ధిచేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ళ అవతల, నౌక 4 నాట్లకు తగ్గని వేగంతో సాగుతున్నప్పుడే మెల్లగా వదలాలి. నౌక కదులుతుంటే మురుగు పలుచబడి చెదిరిపోతుందన్న తర్కమే ఇక్కడా ఉంది. రైలుపెట్టెల్లో కొంతకాలం వాడిన ‘నియంత్రిత విసర్జన’ పద్ధతి దీనికి సోదరి వంటిది. మలాన్ని తొట్టిలో పట్టివుంచి, బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటాకే కిందికి వదిలే ఏర్పాటు అది. వేగాన్ని పసిగట్టే పరికరం, కవాటాన్ని తెరిచే విద్యుత్తు దీనికి కావాలి. తలుపు వద్ద రాసిన హెచ్చరిక చేయలేని పనిని యంత్రం చేసింది: స్టేషను శుభ్రపడింది. ఊరి వెలుపలి పట్టా, నది, కీమన్ నడిచే దారి ఎప్పటిలాగే ఉండిపోయాయి. సముద్రానికి 12 మైళ్ళ అవతల మనుషులు నడవరు. మంచిర్యాల అవతల నడుస్తారు. నౌక తర్కాన్ని నేలకు యథాతథంగా దించడంలోని లోపం ఇదే.

6. పాత పెట్టెకు కొత్త తొట్టి:

2011లో గ్వాలియర్–వారణాసి బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌తో బయో టాయిలెట్లు పట్టాలెక్కాయి. రక్షణ పరిశోధన సంస్థ హిమాలయ స్థావరాల్లోని సైనికుల కోసం వృద్ధిచేసిన పద్ధతిని రైల్వేలు స్వీకరించాయి. పెట్టె కింద గదులుగా విభజించిన ఉక్కుతొట్టి ఉంటుంది. అందులో గాలి అవసరంలేని సూక్ష్మజీవులు మలాన్ని నీరుగా, మీథేన్, బొగ్గుపులుసు వాయువులుగా విడగొడతాయి. చివరకు క్లోరిన్ తగిలిన నీరు మాత్రమే కిందికి పోవాలి. 2019 నాటికి 68,800 పెట్టెల్లో సుమారు 2.45 లక్షల బయో టాయిలెట్లు అమర్చినట్లు రైల్వేలు ప్రకటించాయి.

ఈ అంకె పెద్దది. అందులో చాలా భాగం కొత్త పెట్టెలు కావు, అప్పటికే తిరుగుతున్నవి. వాటి అడుగున బ్రేకు గొట్టాలు, బ్యాటరీ పెట్టెలు, ఆల్టర్నేటరు ముందే చోటు ఆక్రమించివున్నాయి. వాటి మధ్య తొట్టికి చోటు వెతకాలి, బరువు లెక్క చూడాలి. పాత నౌకను నవీకరించేవారికి ఎదురయ్యే ఇరుకు ఇక్కడా ఎదురైంది.

ఇక వాడకం విషయం. సూక్ష్మజీవి మలాన్ని జీర్ణించుకుంటుంది. నీళ్ళ సీసాను, గుట్కా పొట్లాన్ని, గుడ్డపేలికను జీర్ణించుకోలేదు. పాత గొట్టం ఏది వేసినా కింద పారవేసేది కనుక వందేళ్ళపాటు ప్రయాణికులకు వేరే అలవాటు అవసరం కాలేదు. కొత్త తొట్టి వచ్చాక అదే అలవాటు దానిని మూసివేసింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017 నివేదిక మూసుకుపోవడం, దుర్వాసన, చెత్తబుట్టలు లేకపోవడం వంటి లోపాలను విస్తారంగా నమోదుచేసింది. ఐఐటీ మద్రాసు పరిశోధకులు తొట్టి నుంచి వెలువడే నీటి నాణ్యతనే ప్రశ్నించారు. మూసుకుపోయిన తొట్టిని డిపోలో విప్పి శుభ్రంచేసే పని కూడా మనిషిదే. పట్టా మీది పని కొంత తగ్గి, డిపో గుంతలోకి మారింది. వెలుగు, తొడుగులు, పంపులు ఉన్నచోట ఆ పని తేలిక. లేనిచోట పాతపనికి కొత్త చిరునామా. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా 2.45 లక్షలన్న అంకెను ముగింపుగా చూపడం తొందరపాటు.

విద్యుత్తు వైపు కూడా ఇదే కాలంలో పెద్ద మార్పు జరిగింది. ఈ మార్గంలో విద్యుదీకరణ 1980 దశకం చివరికి వచ్చింది. రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లోనే విద్యుదుత్పత్తి ప్రారంభించింది. ఆ పొగగొట్టాల పక్కనుంచే ఇరుసు తిరిగితేగాని దీపం వెలగని పెట్టెలు నడిచాయి. పైతీగలో 25,000 వోల్టులు ప్రవహిస్తున్నా అది ఇంజనుకే. పెట్టెకు మాత్రం బెల్టే దిక్కు. 1969లో రాజధాని ఎక్స్‌ప్రెస్‌తో బండి చివర డీజిలు జనరేటరు పెట్టెలు పెట్టి మొత్తం బండికి విద్యుత్తు ఇచ్చే పద్ధతి వచ్చింది. జర్మనీ నమూనాతో కపుర్తలాలో చేసిన ఎల్‌హెచ్‌బీ పెట్టెలు ఆ పద్ధతినే అనుసరించాయి. (కాజీపేటకు రావలసిన ఆ కర్మాగారం కపుర్తలాకు తరలిందన్న మాట ఉత్తర తెలంగాణలో నేటికీ వినబడుతుంది.) గత దశాబ్దం చివర, ఇంజను పైతీగ నుంచి తీసుకున్న విద్యుత్తునే 750 వోల్టులుగా మార్చి పెట్టెలకు పంపే పద్ధతి విస్తరించింది. దీనితో దీపం ఇరుసు నుంచి పూర్తిగా విడిపోయింది. ఆగిన బండిలోనూ వెలుతురు నిండుగా ఉంటుంది. విమానాల్లో వలె గాలి పీడనంతో, అర లీటరు నీటితో పనిచేసే మరుగుదొడ్లు రైళ్ళలోకి రాగలగడానికి కూడా ఈ నిరంతర విద్యుత్తే ఆధారం.

7. ఇంజనులోని మనిషి:

ఈ చరిత్రలో అందరికన్నా చివర నిలిచినవాడు బండిని నడిపేవాడు. ప్రయాణికుల పెట్టెలో మరుగుదొడ్డి వచ్చి వందేళ్ళు దాటేవరకు ఇంజనులో అది లేదు. ఆవిరి ఇంజను నాటికి బండి నీళ్ళకోసం తరచుగా ఆగేది. విద్యుత్ ఇంజను వచ్చాక ఆగవలసిన అవసరం తగ్గింది, మనిషి అవసరం తగ్గలేదు. సింగరేణి బొగ్గు మోసే గూడ్సుబండి రామగుండం నుంచో బెల్లంపల్లి నుంచో బయలుదేరితే ఎక్కడ, ఎంతసేపు ఆగుతుందో నడిపేవానికి ముందుగా తెలియదు. దప్పిక అయినా నీళ్ళు తాగకుండా డ్యూటీ చేయడం లోకో పైలట్లలో సాధారణమైంది. స్త్రీలు ఈ ఉద్యోగంలోకి వచ్చాక సమస్య మరింత తీవ్రమైంది. జాతీయ మానవ హక్కుల సంఘం దృష్టికి ఈ విషయం వెళ్ళింది. 2016 మే నెలలో రైల్వేమంత్రి సురేశ్ ప్రభు బయో టాయిలెట్ అమర్చిన తొలి విద్యుత్ ఇంజనును ప్రారంభించారు.

తలపై 25,000 వోల్టుల తీగ, చేతికింద వేల అశ్వశక్తి ఉన్న యంత్రంలో లేనిది ఒక చిన్న గది. విద్యుత్తు అన్నిటికన్నా ముందు చేరిన చోటికి మరుగుదొడ్డి అన్నిటికన్నా వెనుక చేరింది. సాంకేతిక సాధ్యాసాధ్యాలతో దీనిని వివరించలేము. ప్రయాణికుడు టిక్కెట్టు కొన్నవాడు, అతని ఫిర్యాదు ఆదాయానికి సంబంధించినది. గ్యాంగ్‌మన్, సఫాయి కర్మచారి, లోకో పైలట్ జీతం తీసుకొనేవారు. వారి అవసరం ఖర్చు పద్దులోనిది.

ఇంజనులో అమర్చిన ఆ గది తలుపుకు ఒక తాళం ఉంది. బండి వేగం సున్నాకు వచ్చి, బ్రేకులు పడితేనే అది తెరుచుకుంటుంది. లోపల మనిషి ఉన్నంతసేపు బండి కదలదు. పెట్టెలోని ప్రయాణికునికి నూరేళ్ళపాటు వర్తించిన నియమానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. భద్రత దృష్ట్యా తప్పనిసరి కూడా. అయితే ఆ తలుపు తెరుచుకోవాలంటే మొదట బండి ఆగాలి. మంచిర్యాలకు, కాగజ్‌నగర్‌కు మధ్య బొగ్గుబండి ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఇంజనులోని మనిషి కాదు, సిగ్నలు.